ఎవరింటికి వాళ్లు

మా రెండో ఆల్బమ్ రికార్డింగు మొదలయ్యే నాటికి నేనూ పెద్దాడూ భార్యాభర్తలం కాము. కోర్టు ఆర్డరు ఎండలు ముదరకముందే చేతికొచ్చింది. స్టూడియో తేదీలు మాత్రం అంతకు చాలా ముందే ఖాయమైపోయాయి. అందుకని ఆ వేసవంతా విడిపోయిన మొగుడి పాటలకు నేను బేస్ గిటార్ వాయించాల్సి వచ్చింది.

మేం పోట్లాడుకుని విడిపోలేదు. పోట్లాడుకోవడానికి సరిపడా మాటలు కూడా మా మధ్య మిగల్లేదు. స్టేజీ మీద కనుసైగతో పాటని మలుపు తిప్పేవాళ్లం. ఇంటికొచ్చాక ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికి బద్ధకించేవాళ్లం. ఇది కాపురం కాదని ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి తెలిసొచ్చింది. తప్పెవరిదో తేల్చడానికి అత్తయ్య కూడా కొన్నాళ్లు ప్రయత్నించి, ఏమీ దొరక్క ఊరుకుంది.

అతన్ని పెద్దాడు అనడం ఆవిడ అలవాటే. డ్రమ్స్ వాయించే తమ్ముడు చిన్నాడు. బ్యాండంతా అలాగే పిలిచేవాళ్లు, పెళ్లికి ముందు నుంచీ నేనూ అంతే. చిన్నాడు నన్ను వదినా అనేవాడు కాబట్టి బ్యాండ్ మొత్తానికీ నేను వదిననైపోయాను. ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా వాయించే పొడుగాయన, అందరూ నిచ్చెన అనే ఆయన, నాకంటే బాగా పెద్దవాడు. ఆయనా వదినా అనేవాడు. కోర్టు ఆర్డరు వచ్చిన వారం రిహార్సల్‌కి వచ్చి, నన్నేమని పిలవాలో తోచక, "మేడమ్, కాస్త సౌండు తగ్గిస్తారా?" అన్నాడు. చిన్నాడు డ్రమ్స్ వెనక తల దాచుకున్నాడు. పెద్దాడు గిటారు తీగలు సరిచేస్తున్నట్టు వంగిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు అందరూ నన్ను ఏమీ అనకుండానే, "ఇదిగో", "ఇటు చూడు" అంటూ నెట్టుకొచ్చారు. చివరికి విసుగొచ్చి, వదిన అనే పిలవండి, ఆ పిలుపు గురించి కోర్టు ఏమీ చెప్పలేదు అని నేనే అన్నాను.

మాది స్కా పంక్ బ్యాండు. పేరు తప్పుతాళం. అదేం సంగీతమని అడిగినవాళ్లకి చిన్నాడు నడిచి చూపించేవాడు. మామూలు పాటలో కాలు నేలమీద పడినప్పుడు గిటారు మోగుతుంది, మా పాటలో కాలు లేచినప్పుడు మోగుతుంది అనేవాడు. దానికి ట్రంపెట్, ట్రాంబోన్ తోడు చేసి, వెనక ఎవరో తరుముకొస్తున్నట్టు వాయిస్తే మా పాట. మొదటి ఆల్బమ్ ఒక ఖాళీ గోడౌనులో అందరం పక్కపక్కన నిలబడి ఊపిరి తిప్పుకోకుండా వాయించి పడేశాం. తప్పులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. జనానికి అదే నచ్చింది. మేం వాయిస్తుంటే నిలబడి వినేవాళ్లు తక్కువ, గెంతేవాళ్లే ఎక్కువ. అది చూసి ఒక రికార్డు కంపెనీ ముందుకొచ్చి, రెండోది మేం వేస్తాం అంటూ మంచి స్టూడియో ఇచ్చింది.

ఇల్లు అత్తయ్యది. కింద కారు షెడ్డు, పైన మూడు గదులు. షెడ్డులో మా రిహార్సల్. అత్తయ్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. ఊళ్లో కార్లు తోలేవాళ్లలో చాలామంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. విడిపోదామని తేల్చుకున్న రోజు నేను బట్టలు సర్దుతుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి, "నువ్వెక్కడికి పోతావ్? వాడికైతే స్నేహితులున్నారు. వాడు పోతాడు," అంది. పెద్దాడు ఒక సంచీ గిటారూ తీసుకుని నిచ్చెన ఇంటికి వెళ్లిపోయాడు. నాకు నిజంగానే పోవడానికి చోటు లేదు. అమ్మ లేదు. నాన్నకి ఇంకో సంసారం. ఆ రోజు అత్తయ్య మాట నాకు కొండంత అండ అయింది.

అలా నేను మొగుడు లేని అత్తగారింట్లో ఉండిపోయాను. పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదాన్ని. సెలవు రోజుల్లో అందరం స్టూడియోకి పోయేవాళ్లం.

స్టూడియోలో మమ్మల్ని ఎవరి గదిలో వాళ్లని పెట్టారు. మధ్యలో గాజు గోడలు. చెవులకి హెడ్‌ఫోన్లు, వాటిలో లెక్క తప్పకుండా టిక్కు టిక్కుమనే చప్పుడు. గాలి హోరు రికార్డులోకి వస్తుందని పాట మొదలవగానే ఫ్యాన్లు ఆపేసేవాళ్లు. బయట ఎండ పెటపెటలాడుతుంటే లోపల మేం ఆవిరికి ఉడికినట్టు ఉడికేవాళ్లం. రికార్డింగ్ ఇంజనీరు నడివయసు ఆవిడ, మితభాషి. మా మొదటి ఆల్బమ్ వినే వచ్చింది. అందుకే కాబోలు, పాట ఆపి, "ఇది మీ మామూలు వేగమేనా?" అని అడిగింది. అందరం పెద్దాడి వైపు చూశాం. అతను, ఈసారి ఇంతే అన్నాడు.

పెద్దాడు తెచ్చినవన్నీ నత్తనడక పాటలు. ఒకదాంట్లో ఖాళీ కుర్చీ, ఒకదాంట్లో ఎవరూ దిగని స్టేషను, ఇంకోదాంట్లో వేసి ఉన్న తలుపు. ట్రంపెట్ వాయించే అమ్మాయి తన వంతు వచ్చేలోపు ఒక వారపత్రిక పూర్తిచేసేది. డ్రమ్స్ మీద చిన్నాడి చేతులు సంకెళ్లు వేసినట్టుండేవి. ఆ పాటలు నా మీద రాసినవేనని అందరికీ గట్టి నమ్మకం. బాధలో ఉన్న మనిషిని ఏమంటాం, ఆ బాధకి కారణమైన మనిషి ఎదురుగానే ఉంటే అసలేమంటాం అని ఎవరికి వాళ్లు ఊరుకున్నారు. పాట అవగానే అన్ని గాజు గదుల్లోంచీ నా మొహం చూసేవాళ్లు, ఏడుస్తానేమోనని. నాకు ఏడుపేం వచ్చేది కాదు. ఎప్పుడెప్పుడు ఫ్యాన్ వేస్తారా అని ఉండేది.

ఒకరోజు దుకాణం త్వరగా మూసేశారు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురు వరసలో మూసి ఉన్న ఒక షాపు షట్టర్‌కి ఆనుకుని పెద్దాడు నిలబడి ఉన్నాడు. గిటారు పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. రిహార్సల్‌కి ఇంకా చాలా టైముంది. అది అతను పుట్టి పెరిగిన ఇల్లు. లోపలికి రావడానికి టైమెప్పుడవుతుందా అని రోడ్డవతల కాచుకుని నిలబడ్డాడు.

అత్తయ్య కిందికి వెళ్లి గేటు దగ్గరే టీ గ్లాసు అందించింది. అతను నిలబడే తాగాడు. తాగి, షెడ్డు పక్కన కుళాయి దగ్గర గ్లాసు కడిగి, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా రెండు చేతులతో తిరిగిచ్చాడు. ఆవిడ ఆ తడి గ్లాసు పట్టుకుని కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత తలెత్తి పైకి చూసింది. కిటికీలో నేను కనిపించాను. గబగబా మెట్లెక్కి వచ్చి, వంటింట్లో గిన్నెలన్నీ మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఆవిడ కొడుకుని పైకి రమ్మనలేదు. నేనున్నానని.

నాకు అంతకాలం అది తట్టనే లేదు. ఏ ఇల్లు పోతుందని నేను భయపడుతూ వచ్చానో, ఆ ఇల్లు పోయింది నాకు కాదు, అతనికి.

తర్వాతి సెలవు రోజున స్టూడియో మెట్ల మీద నిచ్చెన నా పక్కన కూర్చున్నాడు. కూర్చుంటే ఆయన మోకాళ్లు గడ్డం దాకా వచ్చేవి.

"వదినా, ఒక మాట. నువ్వేమీ అనుకోకూడదు."

అనుకోనన్నాను.

"మా సోఫా ఇద్దరు కూర్చునే సోఫా. వాడు దాని మీద ముడుచుకుని పడుకుంటున్నాడు. పడుకునే పాటలు రాస్తున్నాడు. అవి నీ మీద పాటలని అందరూ అనుకుంటున్నారు గానీ, నిజం చెప్తున్నా, ఆ సోఫా మీద పడుకుంటే నేనైనా అవే రాస్తాను."

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

"నవ్వుతావేంటి? వాడికి ఇల్లు కావాలి. నాకు మా ఇల్లు కావాలి. మా ఆవిడ ముందుగదిలోకి రావాలన్నా దగ్గి వస్తోంది."

ఎక్కడైనా గది అద్దెకి తీసుకోవచ్చుగా అని అడిగాను. నిచ్చెన తల అడ్డంగా ఊపాడు. వాళ్లమ్మ ఏదో ఒకరోజు ఇంటికి రమ్మంటుందని పెద్దాడు చూస్తున్నాడట. వేరే గది తీసుకుంటే ఇక ఎప్పటికీ పిలవదేమోనని వాడి భయం అని చెప్పాడు. ట్రాంబోన్ భుజానికి తగిలించుకుంటూ, ఈ మాట నేను చెప్పినట్టు ఎవరికీ తెలియనివ్వకు అని కూడా అన్నాడు.

వెళ్లాల్సింది నేనేనని తెలుసు. వెళ్తే ఆ ఇంటితో పాటు అత్తయ్య, చిన్నాడు, ఆ షెడ్డు, ఆ పిలుపు కూడా ఒక్కొక్కటే ఊడిపోతాయని దిగులు. బ్యాండు మాత్రం ఎన్నాళ్లు ఉంటుంది? ఎవరి మీదో కోపమొచ్చినట్టు గదులు వెతకడం మొదలుపెట్టాను. చూసిన ప్రతిదానికీ ఏదో వంక పెట్టేదాన్ని. చివరికి మా దుకాణం ఓనరే, సైకిల్ రిపేరు షాపు మీద ఒక గది ఖాళీగా ఉందని తాళం తెచ్చిచ్చాడు.

గదిలో ఏమీ లేదు. రెండు కిటికీలు, ఒక మూల పొయ్యి గట్టు, సున్నం వాసన. కింద సైకిల్ షాపులో ఎవరో చక్రం తిప్పి వదిలినట్టున్నారు, గిర్రుమంటోంది. చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నాను. తర్వాత వెల్లకిలా పడుకున్నాను. వాళ్లందరి కోసం త్యాగం చేస్తున్నాననుకుంటూ వచ్చినదాన్ని. ఆ చల్లటి గచ్చు వీపుకి తగలగానే, ఈ గది నాకు కావాలి అనిపించింది. అక్కడ నా మొహం వంక చూసేవాళ్లు ఎవరూ లేరు.

అయినా అత్తయ్యకి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రోజుల్లో ఆవిడ పొద్దున్నే నాకు డ్రైవింగ్ నేర్పేది. బ్యాండ్ వ్యాను తోలడం పెద్దాడికొక్కడికే వచ్చు. రేపు ఏదైనా అయితే మీరంతా నడిచి వెళ్తారా అంటూ ఆవిడే పట్టుబట్టి మొదలుపెట్టింది. స్కూలు కారులో ఆవిడ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను తోలుతున్నంతసేపూ ఆవిడ కాలు దాని మీదే.

"అత్తయ్యా, నేను గది చూసుకున్నాను," అన్నాను స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా.

"కుడివైపు తిరుగు," అంది. తిరిగాను. "పక్కకి తీసి ఆపు." ఆపాను.

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు."

"చిన్నాడేమైనా కూశాడా?"

"ఎవరూ ఏమీ అనలేదత్తయ్యా. నాకే చూసుకోవాలనిపించింది. పెద్దాడు ఇంటికి రావాలి కదా."

ఆవిడ ముందున్న రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. పాలవాడి సైకిలొకటి మమ్మల్ని దాటుకుని వెళ్లింది. అప్పుడు ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. ఎన్నాళ్ల నుంచో బిగబట్టి ఉంచిన ఊపిరిలా ఉంది.

"కిటికీలెన్ని?"

"రెండు."

"కొలతలు తీసుకురా. కర్టెన్లు నేను కుట్టిస్తాను."

నా మనసు చివుక్కుమంది. ఒక్కసారైనా ఉండమంటుందనుకున్నాను. కనీసం కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే, ఆవిడ మొహంలో ఆ వేసవంతా నేను చూడని తేటదనం. కొడుకుని రమ్మనలేక, నన్ను పొమ్మనలేక ఆవిడ ఎంత నలిగిపోయిందో అది చూస్తేనే తెలిసింది. నేనంటే లెక్కలేకపోతే ఎప్పుడో ఒక మాటలో తేల్చేసేది. అది అర్థమయ్యాక నా భుజాలు కూడా తేలికపడ్డాయి.

"నిన్ను నేను పొమ్మనలేదు," అంది. "రేపు ఎవరైనా అడిగితే అలాగే చెప్పు."

"మీరు పొమ్మనలేదు. నేనే పోతున్నాను."

"ఊఁ. ఇండికేటర్ వెయ్యి. వెనక చూసుకుని పోనీ."

పోనిచ్చాను. పది గజాలు వెళ్లకముందే బండి కుదిపి ఆగిపోయింది. క్లచ్ అంటే ఏమనుకున్నావ్, మీ షాపులో అరగదీసే అద్దమనుకున్నావా అని ఆవిడ ఇల్లు చేరేదాకా తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం కుదుటపడింది. పోతుందనుకున్నది ఏదీ పోయేలా లేదు.

సామాను చేరవేసిన రోజు చిన్నాడు మూతి ముడుచుకునే మంచం మోశాడు. అన్నయ్య గురక మళ్లీ తన నెత్తినే పడుతుందని వాడి బాధ. రోజూ వచ్చి ఇక్కడ భోంచేయమన్నాను. వాడు వెంటనే మంచం కిటికీ దగ్గర వెయ్యాలా, తలుపు దగ్గర వెయ్యాలా అని సలహాలివ్వడంలో పడ్డాడు.

ఆ సాయంత్రం షెడ్డులో రిహార్సల్ మొదలుపెట్టాం. ఒక పాట సగంలో ఉండగా పైనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పెద్దాడా, టీ చల్లారిపోతోంది. పైకి రా."

పాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పెద్దాడు నా వైపు చూశాడు. నేను బేస్ తీగ సరిచేసుకుంటూ, వెళ్లు అన్నట్టు గడ్డం ఊపాను. గిటారు జాగ్రత్తగా గోడకి ఆనించి మెట్లెక్కాడు. మేం ఎవరమూ ఏమీ వాయించలేదు. పైన కుర్చీ జరిపిన చప్పుడు, కుళాయి చప్పుడు, ఆవిడ ఏదో అనడం, అతను ఏదో చెప్పడం లీలగా వినిపించాయి. చాలాసేపటికి దిగొచ్చాడు. జుట్టు తడిగా ఉంది. తన ఇంట్లో, తన బాత్రూములో తల మీద నీళ్లు పోసుకుని వచ్చాడు. ఇవాళ మా ఆవిడకి ఫోన్ చేసి మంచి వార్త చెప్పాలి అని నిచ్చెన గొణిగాడు.

తర్వాత స్టూడియోకి వెళ్లినప్పుడు, అప్పటిదాకా చేసినవి ఒకసారి వినిపించమని పెద్దాడు ఇంజనీరుని అడిగాడు. అందరం ఆవిడ గదిలో నిలబడి విన్నాం. మూడో పాటకి అతను చెయ్యెత్తి ఆపించాడు.

"నాకే నిద్ర ముంచుకొస్తోంది. మీరెవరూ చెప్పరేం?"

నువ్వు బాధలో ఉన్నావని ఊరుకున్నాం అంది ట్రంపెట్ అమ్మాయి.

"బాధేం లేదు. నడుం నొప్పి," అన్నాడు పెద్దాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నీ గురించి కావు ఇవి," అన్నాడు.

"తెలుసు. సోఫా గురించి."

నిచ్చెన గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయాడు.

మాకు మిగిలిన తేదీలు కొన్నే. ఇంజనీరు లేచి గాజు తలుపులన్నీ బార్లా తెరిచింది. మైకులన్నీ పెద్ద గదిలోకి లాక్కొచ్చి, హెడ్‌ఫోన్లు తీసెయ్యండి, అందరూ ఇక్కడే నిలబడండి అంది. ఫ్యాన్లు మాత్రం ఆపక తప్పదంది. చిన్నాడు కర్రలు కొట్టి లెక్క మొదలుపెట్టాడు. మాటలు అవే. ఖాళీ కుర్చీ, ఎవరూ దిగని స్టేషను, వేసి ఉన్న తలుపు. కానీ గోడౌను రోజుల వేగంతో వాయించేసరికి, ఆ స్టేషన్లో దిగనివాళ్లంతా రైల్లో పండగ చేసుకుంటున్నట్టు తయారైంది పాట. నిచ్చెన ఒకచోట తప్పు వాయించాడు, అలాగే ఉంచేశాం. నా వేలి చివర చిట్లింది, అయినా ఆపలేదు. మలుపు దగ్గర పెద్దాడు నావైపు చూశాడు, నేను అతని వైపు చూశాను, అందరం కలిసి తిరిగాం. ఆ చూపులో మేం ఎప్పుడూ దిట్టలమే. మాకు చేతకానిదల్లా ఇంట్లో కాపురమే.

ఆఖరి పాట అయ్యాక ఇంజనీరు ఫ్యాన్లు వేసింది. చెమటతో తడిసి ఎక్కడివాళ్లం అక్కడే కూలబడ్డాం. ఆవిడ వైర్లు చుట్టుకుంటూ, "బావుంది. ఇక ఎవరింటికి వాళ్లు వెళ్లండి," అంది. ఆల్బమ్‌కి అదే పేరు పెట్టేద్దాం అంది ట్రంపెట్ అమ్మాయి. అనేశాక నాలుక కరుచుకుంది. అందరూ మళ్లీ మా ఇద్దరి మొహాలు చూడబోయారు. ఈసారి ఆ అవసరం లేకపోయింది. పెద్దాడూ నేనూ అప్పటికే నవ్వుతున్నాం. ఆ పేరే ఉండిపోయింది.

మొదటిదే బావుందన్నవాళ్లు కొందరున్నారు. రెండోదాంట్లో మాటలు వింటే ఏడుపొస్తుంది, పాట వింటే కాలు ఆగదు, ఏం చెయ్యాలో తెలియదు అని ఒకతను నాతోనే అన్నాడు. అతన్ని చూస్తే గెంతి గెంతి అలిసిపోయినట్టే ఉన్నాడు.

తొలి వానలు పడుతున్నప్పుడు, ఒక సెలవు మధ్యాహ్నం పెద్దాడు నా గదికి వచ్చాడు. బేస్ ఆంప్లిఫయర్ ఒకటి షెడ్డులో ఉండిపోతే మోసుకొచ్చాడు. మెట్లెక్కేసరికి రొప్పుతున్నాడు. దాన్ని మూలన దించి, చుట్టూ చూశాడు. కర్టెన్ల దగ్గర చూపు ఆగింది. ఎర్రగా, పెద్ద పెద్ద పువ్వులతో ఉంటాయి అవి.

"అమ్మ ఎంపికేనా?"

"ఆవిడదే."

టీ పెట్టాను. ఇద్దరం కిటికీ దగ్గర నేల మీద కూర్చుని తాగాం. కింద సైకిల్ షాపాయన వానకి తడవకుండా ట్యూబులు లోపల పెట్టుకుంటున్నాడు. మాట్లాడాలని ఇద్దరికీ లేదు, మాట్లాడకపోతే ఇబ్బందిగానూ లేదు.

"ఇక్కడ నిద్ర పడుతోందా?" అన్నాడు.

"బాగా పడుతోంది. నీకు?"

"పడుకోగానే. కాకపోతే అమ్మ చీకటితోనే లేపేస్తోంది. నీ డ్రైవింగ్ క్లాసుకి బయల్దేరుతూ తలుపులన్నీ దడదడలాడిస్తోంది."

ఆలస్యంగా రమ్మని చెప్తానన్నాను. వద్దులే అన్నాడు. గ్లాసు కడగబోతే, అక్కడే పెట్టు అన్నాను. పెట్టేశాడు. వాన ఇంకా పడుతోంది. గొడుగు తీసిచ్చాను. మెట్ల మీద నుంచి ఒకసారి వెనక్కి తిరిగి, రిహార్సల్‌కి ఆలస్యం చెయ్యకు, చిన్నాడు కొత్త పాటేదో కట్టాడట అని చెప్పి వెళ్లిపోయాడు.

తలుపు దగ్గరగా వేసి మంచం మీద వాలాను. కాసేపు నడుం వాల్చుదామనే అనుకున్నాను. లేచేసరికి వాన వెలిసి, సాయంత్రమైపోయింది.